అక్షరానికి పద్దెనిమిది

కాజీపేట రైల్వే గేటు దాటినంక
రాతిదుమ్ముకు తెల్లబడ్డ షెడ్డు నాది.
కరీంనగర్ రాయి, మూడడుగుల పొడుగు.
అక్షరానికి పద్దెనిమిది, వత్తుకు వేరే లెక్క లేదు.
సిలువ ఉత్తగనే చెక్కిస్త.

సలోమమ్మ పిల్లలు ముగ్గురొచ్చిన్రు ఆదివారం,
ఎవల ప్రార్థన వాళ్లు ముగించుకొని.
పెద్దోడు ప్రభుదాసు, ఇంజిను నడిపి రిటైరైనోడు.
నడిపామె తబిత, బెల్లంపల్లి నుంచి పొద్దుగాల బండికి దిగింది.
చిన్నోడు ఎలీషా, మడికొండల రేకుల కింద కూటం నడిపేటోడు,
రాయిని చూసేకంటే ముందు ఆకాశం చూసిండు.

మూడు చీటీలు నా బల్ల మీదికొచ్చినయి.
ఒక్క అమ్మ. ఒక్క రాయి.

"ఎత్తబడే దినానికి సిద్ధంగా" అని చిన్నోనిది.
రేపో మాపో, రెప్ప కొట్టేలోపల
తనోళ్లను మబ్బుల్లకు గుంజుకుంటడట.
ఏడేండ్ల శ్రమలు మిగిలినోళ్లకేనట.
"ఇంత బరువు రాయెందుకే, అమ్మకు అడ్డమైతది" అన్నడు.
డెబ్బై కిలోలు. నేను నవ్వాపుకున్న.
బూర ఇని లేచేటామెకు అదొక బరువా?

తబితకు మండింది.
"శ్రమలకు ముందే ఎత్తుకపోతడా?
మరి మా ఆయన ఇరవై రెండేండ్లు బొగ్గుబాయిల దిగి
తెల్లందాక నల్లగ దగ్గిందేందిరా, జాతరనా?
శ్రమల నడుమ నుంచే నడిపిస్తడు. ఆఖరికొస్తడు.
అందాక ఓర్వాలె."
ఆమె చీటీల రెండే ముక్కలు: "కడదాకా ఓర్చింది".

ప్రభుదాసు అద్దాలు తుడుచుకుంట అన్నడు:
"వెయ్యేండ్లంటే గోడ మీది క్యాలెండర్ కాదు చెల్లె.
ఆయన ఏలుబడి ఎన్నడో షురువైంది, మనం అండ్లనే ఉన్నం.
టైంటేబుల్ ఎవలికిచ్చిండు?
ముప్పై ఆరేండ్లు బండి నడిపిన,
బల్హార్షా ఏ గంటకు చేరుతనో
నాకే ఏనాడు సరిగ్గ తెల్వలే."
ఆయన చీటీ: "ప్రభువు దగ్గర ఉన్నది".
"ఉన్నదా, నిద్రల ఉన్నదా?" చిన్నోడు అందుకున్నడు.

ఇగ చూడు.
మృగమొచ్చింది, ముద్రొచ్చింది, వేలిముద్రలొచ్చినయి,
గోడకు అంటించిన నా పైసల స్కానర్‌ను
ఎలీషా ఒకసారి అనుమానంగ చూసిండు.
ఛాయ్ మీద మీగడ కట్టింది.

నాది వేరే తొవ్వ.
మా కులపోళ్లల్ల ఒక స్వామి
మళ్లొస్తనని చెప్పి సమాధిల కూసున్నడు.
మా నాయిన కరువొచ్చినప్పుడల్ల ఇదే గుర్తన్నడు,
వాన పడ్డప్పుడల్ల ఊకున్నడు.

సలోమమ్మ నాకెరుకే.
రైల్వే దవాఖానల ఫినాయిలు వాసనతోని తిరిగేది.
పోయినేడు ఒక్కతే వచ్చి ఐదొందలు బయానా ఇచ్చింది,
రాయిని అరచేత్తోని తడిమి
"ఎండకాలం సల్లగుంటదా బిడ్డా" అనడిగింది.
ఏం రాయాలె అమ్మా అంటే
"పిల్లలు చెప్తరు" అన్నది. పోతా పోతా మళ్లింది:
"కొట్లాడుకోనియ్యి. నువ్వు మాత్రం ఛాయ్ తాగిపియ్యి."

ఈ ముచ్చట చెప్పిన.
గూడ్సు బండి పోయింది, యాభై ఎనిమిది డబ్బాలు,
ప్రభుదాసు పెదవులు లెక్కపెట్టినయి.

"ముగ్గురికీ ఒప్పేదేదన్న ఉన్నదా?" అనడిగిన.
శానాసేపటికి తబిత అన్నది: "వస్తాడు."
తమ్ముడు తలూపిండు. అన్న తలూపిండు.
మూడక్షరాలు, యాభై నాలుగు.
"ముందట 'త్వరగా' అని పెట్టు" అన్నడు చిన్నోడు.
తబిత చెయ్యడ్డం పెట్టింది.
ఆ మాటకు ముందు జానెడు జాగా నున్నగ ఇడిసిన.
దానికి పైసల్లేవు.

పేరు, తారీఖులు, రాయి, ఆటో కిరాయి
అన్నీ పోను రెండు వేల మూడొందలు బాకీ.
"రాకడలోపల ఇస్తనన్నా" అన్నడు ఎలీషా, నిజంగనే.
నేను ఖాతా బుక్కుల అట్లనే రాసిన:
బాకీ, రాకడలోపల.
తబిత ఆ దినం మొదటిసారి నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకొని.

ప్రభుదాసు వంగి చూసిండు.
అద్దాలు సదురుకొని
"తారీఖు వెయ్యి" అన్నడు.